పేగు గోడ మీద పహారా

రికార్డులు నిజామాబాద్ జిల్లాకు కొత్తేం కాదు. 2019 పార్లమెంటు ఎన్నికల్లో పసుపు, ఎర్రజొన్న రైతులు కట్టకట్టుకుని నామినేషన్లు వేస్తే చివరికి బరిలో 185 మంది నిలిచారు. ఒక్కో పోలింగ్ కేంద్రంలో 12 బ్యాలెట్ యూనిట్లు పక్కపక్కన పేర్చాల్సి వచ్చింది. బోధన్ శక్కర్‌నగర్‌లోని నిజాం షుగర్ ఫ్యాక్టరీ ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని పేరు. వేల్పూర్ సంగతి సరేసరి, 2001లోనే బాలకార్మికులు లేని మండలమని అనిపించుకుంది.

ఈసారి చెప్పే విశేషాలు మాత్రం ప్రతి మనిషి కడుపులోనూ ఉన్నవే. పెద్దపేగు క్యాన్సర్ అనగానే గడ్డ ఎంత ఉంది, ఎక్కడిదాకా పాకింది, ఆపరేషన్ ఎప్పుడు అని అడుగుతాం. ఆ గడ్డ చుట్టూ కాపలా ఎవరున్నారు, ఎంతమంది ఉన్నారు అని అడిగే అలవాటు మనకు లేదు. డాక్టర్లకూ ఈ మధ్యే అలవాటైంది. ఈ జబ్బు గురించి ఇరవై ఏళ్లుగా బయటపడుతున్న వింతల్లో పెద్దవి ఆ కాపలా కణాలవే.

కిలో రెండొందల గ్రాముల సైన్యం

ఒంట్లోని రోగనిరోధక కణాలన్నింటినీ ఒకచోట పోసి తూస్తే ఎంత తూగుతాయి? 2023లో ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ ఇన్‌స్టిట్యూట్ శాస్త్రవేత్తలు లెక్క కట్టారు. సుమారు 1.8 లక్షల కోట్ల కణాలు, 1.2 కిలోల బరువు. సంఖ్యలో లింఫోసైట్లు, న్యూట్రోఫిల్స్ పోటాపోటీగా చెరో 40 శాతం ఉంటాయి. బరువుకొస్తే మొనగాడు మాక్రోఫేజ్. లెక్కకు పదింట ఒకటే అయినా మొత్తం బరువులో దాదాపు సగం దానిదే. దొరికిన సూక్ష్మజీవినల్లా మింగే కణం కాబట్టి ఆ మాత్రం ఒళ్లుండటం సహజమే.

"రోగనిరోధక శక్తిలో 70 శాతం పేగులోనే" అనే మాట వాట్సాప్‌లో తరచూ తిరుగుతుంటుంది. పై లెక్క దాన్ని సరిదిద్దింది. లింఫోసైట్లు ప్రధానంగా ఉండేది లింఫ్ గ్రంథుల్లో, ప్లీహంలో. అలాగని పేగుకు గొప్ప లేకపోలేదు. యాంటీబాడీలు తయారుచేసే ప్లాస్మా కణాల్లో అత్యధికం కాపురం పేగు గోడలోనే. అవి రోజుకు 3 నుంచి 5 గ్రాముల ఐజీఏ యాంటీబాడీని పేగులోకి వదులుతాయి. ఒంట్లో అన్నిటికన్నా ఎక్కువగా తయారయ్యే యాంటీబాడీ ఇదే.

టెన్నిస్ కోర్టు పోయి సగం బ్యాడ్మింటన్ కోర్టు

మనిషి పేగులను విప్పి పరిస్తే టెన్నిస్ కోర్టంత అవుతాయని పాఠ్యపుస్తకాలు ఏళ్ల తరబడి చెప్పాయి. 2014లో స్వీడన్ పరిశోధకులు మళ్లీ కొలిచారు. నోటి నుంచి మలద్వారం దాకా లోపలి ఉపరితలం అంతా కలిపినా 32 చదరపు మీటర్లే, అంటే బ్యాడ్మింటన్ కోర్టులో సగం. అందులో పెద్దపేగు వాటా కేవలం 2 చదరపు మీటర్లు.

ఆ రెండు చదరపు మీటర్లే ఒంట్లో అన్నిటికన్నా రద్దీగా ఉండే సరిహద్దు. మన ఒంట్లో ఉండే బ్యాక్టీరియా సుమారు 38 లక్షల కోట్లయితే వాటిలో దాదాపు అన్నీ పెద్దపేగులోనే ఉంటాయి. అన్నీ కలిపి బరువు మాత్రం పావుకిలో లోపే. వాటికీ మన మాంసానికీ మధ్య అడ్డం ఒక పొర జిగురు, దాని కింద ఒక్క కణం మందం గోడ. ఆ గోడ కణాలు కూడా మూడు నుంచి ఐదు రోజులకోసారి రాలిపోయి కొత్తవి వస్తుంటాయి. ఇంత వేగంగా కణాలు పుట్టే చోట పొరపాట్లు జరుగుతూనే ఉంటాయి. పొరపాటుతో పుట్టిన కణాన్ని పట్టుకోవడం, పక్కనే ఉన్న లక్షల కోట్ల బ్యాక్టీరియాను చూసి అనవసరంగా రెచ్చిపోకుండా ఉండటం, ఈ రెండు పనులూ కాపలా కణాలు ఏకకాలంలో చేయాలి. మొదటిది తప్పితే క్యాన్సర్. రెండోది తప్పితే ఏళ్ల తరబడి పేగు పుండ్లు, రక్త విరేచనాలు, వాటి వెనకాలే మళ్లీ క్యాన్సర్ ముప్పు.

సర్కస్‌కు పోని మనిషి

1882లో ఇటలీలోని మెస్సినాలో ఇల్యా మెచ్నికోవ్ అనే రష్యన్ శాస్త్రవేత్త ఉండేవాడు. ఒకరోజు ఇంటివాళ్లంతా కోతుల ఆట చూడటానికి సర్కస్‌కు వెళ్తే ఆయన మాత్రం మైక్రోస్కోపు ముందు కూర్చున్నాడు. తోటలోంచి గులాబీ ముళ్లు తెచ్చి, అద్దంలా కనిపించే నక్షత్రచేప పిల్లల్లో గుచ్చాడు. తెల్లారి చూస్తే ముల్లు చుట్టూ కణాలు మూగి ఉన్నాయి. ఒంట్లోకి వచ్చిన పరాయిదాన్ని మింగే కణాలున్నాయని ప్రపంచానికి తెలిసింది అలాగే. 1908లో నోబెల్ వచ్చింది. పెరుగు తింటే ఆయుష్షు పెరుగుతుందని చెప్పిందీ ఈయనే.

గడ్డ సైజు కాదు, గడ్డ అంచున ఎవరున్నారు?

నా మట్టుకు ఈ జాబితాలో అన్నిటికన్నా పెద్ద విశేషం ఇది. 2006లో పారిస్‌కు చెందిన జెరోమ్ గలాన్ బృందం సైన్స్ పత్రికలో ఒక వ్యాసం వేసింది. ఆపరేషన్‌లో తీసేసిన పెద్దపేగు గడ్డలను పలుచగా కోసి, వాటిలో టి-కణాలు (దారితప్పిన కణాలను గుర్తుపట్టి చంపే లింఫోసైట్లు) ఎన్ని ఉన్నాయి, గడ్డ నడిమధ్య ఉన్నాయా, గడ్డ ఆరోగ్యంగా ఉన్న పేగును తినుకుంటూ పోయే అంచున ఉన్నాయా అని లెక్కపెట్టారు. టి-కణాలు దట్టంగా ఉన్నవాళ్లకు జబ్బు తిరగబెట్టడం తక్కువ. పలుచగా ఉన్నవాళ్లకు గడ్డ చిన్నదైనా ముప్పు ఎక్కువ.

అప్పటిదాకా లోకమంతా నడిచింది ఒకే పద్ధతి మీద. గడ్డ గోడను ఎంత లోతుకు తొలిచింది, లింఫ్ గ్రంథులకు పాకిందా, కాలేయానికో ఊపిరితిత్తులకో పోయిందా, దాన్నిబట్టి స్టేజి. ఫ్రెంచి బృందం శత్రువుతోపాటు మన బలగాన్నీ లెక్కలోకి తెచ్చింది. చాలామంది మొదట నమ్మలేదు. నమ్మకపోవడమే మంచిదైంది, ఎందుకంటే లెక్కను 13 దేశాల్లోని 14 కేంద్రాల్లో మళ్లీ సరిచూశారు. 2681 మంది రోగుల గడ్డలు పరిశీలించి 2018లో లాన్సెట్ పత్రికలో ఫలితం ప్రకటించారు. మన దేశం నుంచి అహ్మదాబాద్‌లోని గుజరాత్ క్యాన్సర్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ ఇందులో పాలుపంచుకుంది. ఆపరేషన్ తర్వాత జబ్బు తిరిగొస్తుందా లేదా అన్నది చెప్పడంలో ఈ కాపలా లెక్క పాత స్టేజి పద్ధతిని మించిపోయింది. దీనికి ఇమ్యునోస్కోర్ అని పేరు. ఇప్పటికీ మన ఊళ్లలో ల్యాబ్ రిపోర్టుల్లో ఇది కనిపించదు.

దుంపకుళ్లు నుంచి పెద్దపేగు దాకా

కొత్తగూడెం సింగరేణి మహిళా కళాశాలలో వృక్షశాస్త్రం, జంతుశాస్త్రం, రసాయనశాస్త్రం చదివిన ఒక అమ్మాయి ఈ రంగంలో ప్రపంచంలోనే పెద్ద పేర్లలో ఒకరవుతుందని అప్పుడు ఎవరైనా అంటే నవ్వేవాళ్లేమో. ఆమె కన్నెగంటి తిరుమలదేవి. ఉస్మానియాలో ఎమ్మెస్సీ, పీహెచ్‌డీ చేసి అమెరికా వెళ్లారు. వెళ్లాక మొదట పట్టుకున్నవి పంట తెగుళ్లు. ఒహాయోలో ఆమె పనిచేసింది ఫైటాఫ్తొరా మీద. 1840ల్లో ఐర్లాండ్‌ను కరువులో ముంచిన బంగాళాదుంప తెగులు దీని పనే. ఈ సూక్ష్మజీవి మొక్కలో కణాలను ఎలా చంపుతుంది, మొక్క దాన్ని ఎలా పసిగడుతుంది అన్నది ఆమె ప్రశ్న.

వేల్పూర్, ఆర్మూర్, కమ్మర్‌పల్లి రైతులకు ఈ శత్రువు చుట్టం బాగా తెలుసు. వానాకాలంలో మడిలో నీళ్లు నిలిస్తే పసుపు ఆకు అంచుల నుంచి పండుబారుతుంది, కాండం మొదలు మెత్తబడుతుంది, పట్టి లాగితే మొక్క ఊడి చేతికొస్తుంది, దుంప నొక్కితే నీరు కారుతుంది. ఆ దుంపకుళ్లుకు కారణమైన పిథియం, ఐర్లాండ్‌ను ముంచిన ఫైటాఫ్తొరా ఒకే కుదురువి.

మొక్కకు రక్తం లేదు, తిరిగే తెల్లకణాలు లేవు. అందుకని ప్రతి కణమూ తన కాపలా తనే కాసుకోవాలి. అందుకోసం కణం లోపల పసిగట్టే ప్రొటీన్లుంటాయి. వాటి పోలికలున్న ప్రొటీన్లే మనిషి కణాల్లోనూ ఉన్నాయి. తిరుమలదేవి ఆ దారి పట్టుకుని మొక్కల నుంచి మనుషుల వైపు వచ్చారు. మిషిగన్‌లో కొన్నాళ్లు పనిచేసి 2007లో మెంఫిస్‌లోని సెయింట్ జూడ్ పిల్లల ఆసుపత్రిలో సొంత ప్రయోగశాల పెట్టారు.

అక్కడ్నుంచి వరసగా వచ్చిన ఫలితాల్లో పెద్దపేగు క్యాన్సర్ మళ్లీమళ్లీ కనిపిస్తుంది. 2011లో ఎన్‌ఎల్‌ఆర్‌పీ12 అనే ప్రొటీన్ లేని ఎలుకల్లో పేగు మంట హద్దు దాటి గడ్డలు పెరుగుతాయని చూపారు. 2016లో ఎన్‌ఎల్‌ఆర్‌సీ3 అనే మరో ప్రొటీన్, కణం మితిమీరి పెరగకుండా పగ్గం వేస్తుందని నేచర్ పత్రికలో రాశారు. నాకు అన్నిటికన్నా ఆశ్చర్యంగా అనిపించింది 2015 నాటిది. కణంలో ఉండకూడని చోట డీఎన్‌ఏ కనిపిస్తే గంట కొట్టే ఎయిమ్2 అనే ప్రొటీన్ ఉంది. దాన్ని తీసేస్తే ఎలుకలకు పెద్దపేగులో గడ్డలు ఎక్కువయ్యాయి. గంట మోగక మంట పెరిగిందేమో అనుకుంటే అదీ కాదు. పేగు గోడలోని మూలకణాలు అదుపు తప్పి పెరిగాయి. గంట కొట్టేవాడే మూలకణాలకు పగ్గం కూడా పట్టుకుని ఉన్నాడన్నమాట. ఇంకో వింత, ఆరోగ్యంగా ఉన్న ఎలుకల పేగు బ్యాక్టీరియాను వీటికి ఎక్కిస్తే గడ్డలు తగ్గాయి.

కణం ఆత్మాహుతి చేసుకునే దారులు మూడు విడివిడిగా ఉన్నాయని పుస్తకాలు చెప్పేవి. ఆ మూడూ కలిసి నడిచే దారి ఒకటుందని ఆమె బృందం 2019లో ప్రతిపాదించి దానికి పాన్‌ఆప్టోసిస్ అని పేరు పెట్టింది. మరుసటి ఏడాదే పెద్దపేగు గడ్డలకూ ఈ దారికీ ముడి ఉందని చూపింది. ఐఆర్‌ఎఫ్1 అనే ప్రొటీన్ లేకపోతే చావాల్సిన కణాలు చావవు, గడ్డలు పెరుగుతాయి. పంట తెగులులో మొదలైన ప్రశ్న పేగులో జవాబు వెతుక్కుంది.

కాపలాదారును మంచం ఎక్కించే నోటి క్రిమి

ఫ్యూసోబ్యాక్టీరియం అనే సూక్ష్మజీవి ఉండాల్సిన చోటు నోరు, పళ్ల పాచి. 2012లో రెండు బృందాలు విడివిడిగా దాన్ని పెద్దపేగు గడ్డల్లో చూసి విస్తుపోయాయి. 2015లో జెరూసలేం పరిశోధకులు అది అక్కడ చేసే పని కనిపెట్టారు. గడ్డ కణాలను చంపడానికి వచ్చే ఎన్‌కే కణాల మీద ఒక మీట ఉంటుంది, దాన్ని నొక్కితే కణం చేతులు ముడుచుకుంటుంది. ఈ క్రిమి తన ఒంటిమీది ఒక ప్రొటీన్‌తో సరిగ్గా ఆ మీటనే నొక్కి పట్టుకుంటుంది. పళ్లు తోముకోవడానికీ పెద్దపేగుకూ సంబంధమేమిటని అడిగేవాళ్లకు ఇకమీదట పూర్తిగా లేదని చెప్పలేం.

అడ్డుపడేవాడే ఆపద్బాంధవుడా?

2025 వైద్య నోబెల్ మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్‌స్‌డెల్, షిమోన్ సకగుచి ముగ్గురికీ వచ్చింది. మిగతా టి-కణాలు మన ఒంటినే కరవకుండా అదుపు చేసే నియంత్రణ టి-కణాలను గుర్తించినందుకు. చాలా క్యాన్సర్లలో గడ్డ చుట్టూ ఇవి ఎక్కువుంటే రోగికి చేటు, ఎందుకంటే పోరాడేవాళ్లను ఇవి వెనక్కి లాగుతాయి. పెద్దపేగు దగ్గరకొచ్చేసరికి కొన్ని అధ్యయనాల్లో లెక్క తిరగబడింది. ఇవి ఎక్కువున్నవాళ్లే ఎక్కువకాలం బతికారు. ఎందుకిలా? 2016లో జపాన్ బృందం ఒక జవాబు ఇచ్చింది. పైకి ఒకేలా కనిపించే ఈ కణాల్లో రెండు రకాలున్నాయి. ఒకటి నిజంగా పోరును ఆపుతుంది. రెండోది వేషం అదే అయినా పోరును రగిలిస్తుంది. బ్యాక్టీరియా గోడలోకి చొరబడ్డ గడ్డల్లో రెండో రకం ఎక్కువ. రిపోర్టులో కణాల సంఖ్య ఒక్కటే చూస్తే సరిపోదు, ఏ రకమో కూడా తేల్చాలి.

రాజుగారి గడ్డ, 14,800 కోట్ల కణాలు

1494లో నేపుల్స్ రాజు ఫెరాంటే చనిపోయాడు. మమ్మీగా భద్రపరిచిన ఆయన దేహాన్ని అయిదొందల ఏళ్ల తర్వాత పరీక్షిస్తే కటిభాగంలో క్యాన్సర్ గడ్డ కనిపించింది. అందులోంచి డీఎన్‌ఏ తీసి 1996లో లాన్సెట్‌లో ప్రకటించారు. కేఆర్‌ఏఎస్ జన్యువులో ఒకే ఒక్క అక్షరం మారింది. సరిగ్గా అదే మార్పు ఇవాళ్టి పెద్దపేగు క్యాన్సర్ రోగుల్లోనూ మామూలుగా కనిపిస్తుంది.

2016లో అమెరికా నేషనల్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్‌లో స్టీవెన్ రోజెన్‌బర్గ్ బృందం ఆ మార్పునే గురిపెట్టింది. పెద్దపేగు క్యాన్సర్ ఊపిరితిత్తులకు పాకి ఏడుచోట్ల గడ్డలు కట్టిన 50 ఏళ్ల మహిళ. ఆమె గడ్డలోంచే టి-కణాలు తీసి, ఆ మార్పును గుర్తుపట్టేవాటిని ఏరి, ప్రయోగశాలలో పెంచి, 14,800 కోట్ల కణాలను ఒక్కసారిగా ఎక్కించారు. ఏడు గడ్డలూ కుంచించుకుపోయాయి. తొమ్మిది నెలలకు ఒకటి మాత్రం మళ్లీ పెరిగింది. దాన్ని తీసి చూస్తే, టి-కణాలకు తన గుట్టు చూపించే కిటికీ లాంటి ప్రొటీన్ తాలూకు జన్యువునే ఆ గడ్డ వదిలించుకుంది. ఫెరాంటే కాలంలో దొరకని ఆయుధం దొరికింది, శత్రువుకు తప్పించుకునే దారీ దొరికింది.

బోధన్ చక్కెర, గడ్డ ఆకలి

1931లో నోబెల్ అందుకున్న ఆటో వార్‌బర్గ్ అప్పటికే చెప్పాడు, క్యాన్సర్ కణాలు గ్లూకోజ్‌ను విపరీతంగా లాక్కుంటాయని. పెట్ స్కాన్ పనిచేసేది దాని మీదే. రేడియోధార్మిక గ్లూకోజ్ ఎక్కిస్తే గడ్డ దాన్ని పీల్చుకుని తెరమీద వెలిగిపోతుంది. 2015లో తేలిన కొత్త సంగతి ఏమంటే, గడ్డ అలా పీల్చేయడంతో అక్కడికి పోరాడటానికి వచ్చిన టి-కణాలకు తిండి కరువై నీరసించిపోతాయి. అలాగని చక్కెర మానేస్తే గడ్డ మాడి చస్తుందనుకోవద్దు. మనం తిన్నా తినకపోయినా కాలేయం రక్తంలో గ్లూకోజ్‌ను నింపుతూనే ఉంటుంది. చక్కెర మీద నిజంగా అనుమానం ఉన్నది తీపి కూల్‌డ్రింకుల విషయంలో. అమెరికా నర్సుల మీద జరిగిన దీర్ఘకాల అధ్యయనం 2021లో చెప్పింది, రోజుకు రెండో అంతకన్నా ఎక్కువో తాగిన మహిళల్లో 50 ఏళ్లలోపే పెద్దపేగు క్యాన్సర్ వచ్చే ముప్పు రెట్టింపు కన్నా కాస్త ఎక్కువని.

ఫోలిక్ యాసిడ్ ఇంటిపేరు భీమవరం

1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు 1945లో అమెరికాలోని లెడర్లీ కంపెనీలో తన బృందంతో ఫోలిక్ యాసిడ్‌ను కృత్రిమంగా తయారుచేయించాడు. దాని దగ్గరి బంధువు ఫోలినిక్ యాసిడ్. నేటికీ పెద్దపేగు క్యాన్సర్‌కు ప్రపంచమంతా ఇచ్చే కీమోలో, 1957 నాటి ఫ్లోరోయురాసిల్ మందుకు పదును పెట్టేది అదే. ఈ జట్టులో మూడో మందు ఆక్సాలిప్లాటిన్. గడ్డ కణాలు దీని దెబ్బకు చచ్చేటప్పుడు పైకి కొన్ని గుర్తులు తేలి, కాపలా కణాలను పిలుస్తాయని 2010లో తెలిసింది. కీమో అంటే విషం ఎక్కించడమే అనుకునేవాళ్లకు ఈ సంగతి చెప్పాలి.

వందకు వంద

1895లోనే అమెరికాలోని ఆన్ ఆర్బర్‌లో ఒక దర్జీ మహిళ ఆల్‌డ్రెడ్ వార్థిన్ అనే డాక్టరుతో తన ఇంట్లో అందరూ క్యాన్సర్‌తోనే పోతారని, తానూ అలాగే పోతానని చెప్పింది. చెప్పినట్టే పోయింది. వార్థిన్ ఆ వంశవృక్షం గీసి 1913లో అచ్చువేశాడు. 1960ల్లో హెన్రీ లించ్ అలాంటి కుటుంబాలను మరికొన్ని పట్టుకున్నాడు. డీఎన్‌ఏ నకలు తీసేటప్పుడు దొర్లే తప్పులను దిద్దే యంత్రాంగం ఈ కుటుంబాల్లో పుట్టుకతోనే దెబ్బతిని ఉంటుంది. దిద్దుబాటు లేక గడ్డలో తప్పులు వేలల్లో పేరుకుంటాయి.

ఇక్కడే కథ అడ్డం తిరిగింది. తప్పులు ఎక్కువైన కొద్దీ వింత ప్రొటీన్లు ఎక్కువవుతాయి, వింత ప్రొటీన్లు ఎక్కువైతే టి-కణాలు ఇట్టే గుర్తుపడతాయి. అందుకే ఇలాంటి గడ్డల చుట్టూ టి-కణాలు కిక్కిరిసి ఉంటాయి. గడ్డ వాటి మీదున్న పీడీ-1 అనే బ్రేకును తొక్కి ఉంచడంతో ఏమీ చేయలేక నిలబడి ఉంటాయి. ఆ బ్రేకును కనిపెట్టిన తసుకు హొంజో, మరో బ్రేకును అధ్యయనం చేసిన జేమ్స్ అలిసన్ 2018 నోబెల్ పంచుకున్నారు.

బ్రేకు తీసే మందుల్లో ఒకటి డోస్టార్లిమాబ్. న్యూయార్క్‌లోని స్లోన్ కెట్టరింగ్ ఆసుపత్రిలో దిద్దుబాటు దెబ్బతిన్న మలాశయ క్యాన్సర్ రోగులకు మూడు వారాలకోసారి చొప్పున ఆరు నెలలు ఇచ్చారు. 2022 జూన్‌లో మొదటి 12 మంది ఫలితం వచ్చింది. పన్నెండు మందిలోనూ గడ్డ కనిపించకుండా పోయింది. 2025 నాటికి చికిత్స పూర్తి చేసిన మలాశయ రోగులు 49 మంది. ఆ 49 మందికీ అదే ఫలితం. కత్తి లేదు, రేడియేషన్ లేదు, పొట్టకు సంచీ లేదు. క్యాన్సర్ వైద్యంలో వందకు వంద అనే మాట వినడం ఎంత అరుదో డాక్టర్లను అడిగితే చెబుతారు.

ఇది అందరికీ వర్తించదు. పెద్దపేగు క్యాన్సర్లన్నింటిలో ఇలా దిద్దుబాటు దెబ్బతిన్నవి 15 శాతం దాకా, ఒళ్లంతా పాకిన దశలో 5 శాతం చుట్టుపక్కల. మిగతావాళ్ల గడ్డల దగ్గర టి-కణాలు పలుచన, అక్కడ బ్రేకు తీసినా పరుగెత్తేవాళ్లు లేరు.

ఇంకో అడ్డంకి ధర. డోసుకు లక్షల్లో ఉంటుంది. ఈ విషయంలో మన దేశానిదే ఒక రికార్డు. ముంబై టాటా మెమోరియల్ డాక్టర్లు తల, మెడ క్యాన్సర్ రోగుల్లో నివోలుమాబ్ అనే మరో బ్రేకు తీసే మందును మామూలు 240 మిల్లీగ్రాములకు బదులు 20 మిల్లీగ్రాములే ఇచ్చి చూశారు. ఏడాది తర్వాత బతికున్నవాళ్లు, ఈ మందు కలపని చికిత్సలో 16 శాతం ఉంటే, కలిపినప్పుడు 43 శాతానికి పెరిగారు. పెద్దపేగులో ఇదే పనిచేస్తుందని ఇంకా అనలేం గానీ, పేద దేశం అడగాల్సిన ప్రశ్న ఇదే.

పసుపు సంగతేమిటి?

ఈ ప్రశ్న లేకుండా వేల్పూర్ వైపు ఏ క్యాన్సర్ ముచ్చటా ముగియదు. ఇక్కడి పడగల్ దగ్గర స్పైసెస్ పార్కు, కమ్మర్‌పల్లిలో పసుపు పరిశోధన కేంద్రం, 2025 జనవరి నుంచి నిజామాబాద్ కేంద్రంగా జాతీయ పసుపు బోర్డు. దుంపలు తవ్వి, ఉడకబెట్టి, కళ్లంలో రెండు వారాల పాటు ఎండబోసి, డ్రమ్ములో తిప్పి పాలిష్ పట్టాక కొమ్ము వేరు, మండ వేరు, చూర వేరు చేసి యార్డుకు తోలే రైతుకు తన పంట మందు కూడా అంటే ఆనందమే. గాజు గిన్నెలో పెంచిన కణాల మీద కర్క్యుమిన్ మాయలు చాలానే చేస్తుంది. మనుషుల్లో? వంశపారంపర్యంగా పేగులో వందల పిలకలు మొలిచే జబ్బున్న 44 మందిలో కొందరికి ఏడాదిపాటు కర్క్యుమిన్, మిగతావాళ్లకు ఉత్త మాత్ర ఇచ్చి పోల్చారు. రోజుకు 3 గ్రాములు, అంటే రమారమి 100 గ్రాముల పసుపులో దొరికేంత. 2018లో ఫలితం వచ్చింది. పిలకల సంఖ్యలో గానీ సైజులో గానీ తేడా లేదు. పైగా కర్క్యుమిన్ మాత్రలతో కాలేయం దెబ్బతిన్న కేసులు అమెరికాలో, ఇటలీలో నమోదయ్యాయి. కూరలో పసుపు వేసుకుందాం, రైతుకు గిట్టుబాటు ధర అడుగుదాం, మందు దగ్గర మాత్రం డాక్టరు మాట విందాం.

ఆస్పిరిన్ కథ దీనికి పూర్తిగా వేరు. 2025లో నార్డిక్ దేశాల పరీక్షలో ఒక రకం జన్యు మార్పున్న రోగులకు ఆపరేషన్ తర్వాత రోజూ 160 మిల్లీగ్రాములిస్తే జబ్బు తిరగబెట్టడం దాదాపు సగానికి తగ్గింది. అదే ఏడాది కేంబ్రిడ్జ్ బృందం ఎలుకల్లో కారణం ఒకటి చూపింది. రక్తంలోని ప్లేట్‌లెట్లు విడిచే ఒక పదార్థం టి-కణాలను జోకొడుతుంది, ఆస్పిరిన్ ఆ పదార్థాన్ని ఆపుతుంది. కడుపులో రక్తస్రావం చేసే గుణం ఉన్న మాత్ర ఇది, మెడికల్ షాపులో అడిగి వేసుకునేది కాదు.

నలభై ఏడు

టాటా మెమోరియల్ వైద్యులు తమ దగ్గరికొచ్చిన 800 మంది పెద్దపేగు, మలాశయ క్యాన్సర్ రోగుల వివరాలు 2017లో ప్రచురించారు. సగటు వయసు 47. పాశ్చాత్య దేశాల్లో అరవై దాటాక ఎక్కువగా కనిపించే జబ్బు మన దగ్గర పిల్లల పెళ్లిళ్లు చేయాల్సిన వయసులో వస్తోంది. ఆ రోగుల్లో సగానికి పైగా చెప్పిన మొదటి బాధ, మలంలో రక్తం.

మలంలో రక్తం అనగానే మన బస్టాండ్ల గోడల నిండా మొలలకు గ్యారంటీ చికిత్స ప్రకటనలుంటాయి. చాలాసార్లు అవి మొలలే. కొన్నిసార్లు కావు. నెలల తరబడి ఆ మందులు, ఈ ఆకుపసర్లు వాడి హైదరాబాద్ చేరేసరికి గడ్డ కాలేయందాకా పోయి ఉంటుంది. పిలక దశలోనే దొరికితే కొలనోస్కోపీలోనే తీగ ఉచ్చు వేసి తీసేస్తారు. న్యూయార్క్‌లో 1969లో మొదలైన ఈ పద్ధతి ఇప్పుడు మన నగరాల్లో రోజువారీ పని.

కాబట్టి రెండు మాటలు. మలంలో రక్తం పడినా, ఉన్నట్టుండి విరేచనం తీరు మారి వారాల తరబడి అలాగే ఉన్నా, కారణం తెలియకుండా రక్తహీనత వచ్చినా మొలలని మీరే తీర్మానించుకోకండి, డాక్టరుకు చూపించండి. ఒకవేళ క్యాన్సర్ అని తేలితే, ఆపరేషన్ తేదీ అడిగేముందు బయాప్సీ ముక్కకు ఎంఎంఆర్ పరీక్ష (డీఎన్‌ఏ తప్పుల దిద్దుబాటు దెబ్బతిందా అని చూసేది) చేశారా అని అడగండి. మీ గడ్డ కాపలా కణాలకు లొంగే రకమా కాదా అని చెప్పేది అదే. ఖర్చు కొన్ని వేల రూపాయలు. రిపోర్టులో ఆ మూడు అక్షరాలు లేకపోతే చేయించమని పట్టుబట్టండి.